దీపాల పండుగకు తక్కువ ఖర్చు అలంకరణ – నూనె విషయంలో జాగ్రత్త అవసరం

దీపావళి మొదలు కార్తీక పౌర్ణమి వరకు తెలుగునాట దీపం లేని గడప అరుదు. మట్టి ప్రమిద, పత్తి వత్తి, గరిటెడు నూనె, గుమ్మానికి మామిడాకుల తోరణం, బంతిపూల దండ ఉంటే చాలు, ఇల్లు కళకళలాడుతుంది. ఇంతకన్నా చవకైన అలంకరణ మరొకటి లేదు. అయితే ఆ దీపంలో పోసే నూనె ఏ రకానిదో, మిగిలినదాన్ని ఎక్కడ ఉంచుతున్నారో గమనించకపోవడం వలన పండుగ పూట ప్రాణాపాయం సంభవించే అవకాశం ఉంది.

దీపపు నూనెలన్నీ ఒకే స్వభావం గలవి కావు. నువ్వుల నూనె, ఆముదం, కొబ్బరి నూనె వంటి వాటి నుండి మంట అంటుకొనేంత ఆవిరి వెలువడాలంటే 200 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కాలి. అందుకే వత్తి లేనిదే ఇవి సులభంగా మండవు. కిరోసిన్‌కు సుమారు 38 డిగ్రీలు చాలు. వేసవిలో రెంటచింతల వంటి చోట్ల గాలి వేడిమే 45 డిగ్రీలు దాటుతుందన్న విషయం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. పెట్రోలు గడ్డకట్టే చలిలో సైతం మండే ఆవిరినిస్తుంది. కిరోసిన్‌లో కొద్దిపాటి పెట్రోలు కలిసినా బుడ్డిదీపాలు పేలడానికి కారణం ఇదే. మట్టి ప్రమిదలలో కిరోసిన్ పోసి వెలిగించడం ఎంతమాత్రం తగదు.

వెలుగుతున్న దీపంలో నూనె పోయడం మరొక ప్రమాదకరమైన అలవాటు. దీపం ఆర్పి, ప్రమిద చల్లారిన తరువాతనే నూనె నింపాలి. మండుతున్న నూనెపై నీరు చల్లరాదు. నూనె అడుగుకు దిగిన నీరు క్షణంలో ఆవిరై, సుమారు 1700 రెట్లు వ్యాపించి, మంటను నలువైపులా చిమ్ముతుంది. మూత పెట్టడం గాని, పొడి ఇసుక పోయడం గాని చేయాలి.

అన్నింటికన్నా విచారకరమైనది పసిపిల్లల విషయం. ఇంటింటికీ విద్యుత్తు, గ్యాసు వచ్చి కిరోసిన్ వాడకం బాగా తగ్గినప్పటికీ, తుప్పు వదిలించడానికో, కుంచెలు కడగడానికో ఒక సీసా మూలన ఉంచుకొనే ఇళ్లు ఉన్నాయి. అది తరచు కూల్‌డ్రింకు సీసాయే కావడం చిక్కు. దాహం వేసిన పిల్లవాడికి ఆ తేడా తెలియదు. మింగిన కిరోసిన్ కడుపులోకన్నా ఊపిరితిత్తులలోనికి పోయినప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. కనుక ఉప్పునీరు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. ఆ వాంతితోనే నూనె ఊపిరితిత్తులకు చేరవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఖనిజ తైలం కలిసిన దీపారాధన నూనెలతోనూ ఇదే ప్రమాదం ఉన్నది. పండుగ శీర్షికలలో ముగ్గుల ఛాయాచిత్రాల సరసన ఈ ఒక్క విషయానికి పత్రికలు చోటు కల్పించినా, అంగన్‌వాడీ సమావేశాలలో తల్లులకు వివరించినా ఎంతో మేలు జరుగుతుంది.

అలంకరణ విషయానికి వస్తే, కొత్త ప్రమిదలను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి ఆరబెడితే నూనె పీల్చడం తగ్గుతుంది, ఖర్చూ కలిసివస్తుంది. పీల్చిన నూనె అడుగున ఉన్న కాగితానికో గుడ్డకో పాకితే అదే మరో వత్తి అవుతుంది. ప్రమిద కింద మరొక ప్రమిదనో పళ్లెమునో ఉంచే పెద్దల ఆచారం ఈ దృష్టితోనూ మంచిదే. ప్రమిదలకు ఎనామిల్ రంగులకు బదులు జాజు, సున్నం పూస్తే అందానికి అందం, మంట భయమూ ఉండదు. మందపాటి గాజు గ్లాసులో మూడొంతులు నీరు పోసి, పైన వేలి మందం నువ్వుల నూనె పోసి, తేలే వత్తి వెలిగిస్తే నూనె అయిపోగానే దీపం దానంతటదే ఆరిపోతుంది. రాత్రి మరచి నిద్రించే ఇళ్లకు ఇది అనువైన పద్ధతి. థర్మోకోల్, ప్లాస్టిక్ పూలు, రంగు కాగితాలు, పాత చీరల తెరలు దీపాలకు దూరంగానే ఉండాలి. ముగ్గు మధ్య దీపాలు పెట్టేటప్పుడు వేలాడే పైట చెంగును నడుముకు దోపుకోవాలి. నైలాన్ వస్త్రాలు కరిగి చర్మానికి అంటుకుంటాయి కాబట్టి ఆ పూట నూలు వస్త్రాలు ధరించడం మేలు.

దుస్తులకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేలపై దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని కుళాయి నీరు ధారగా పోయాలి. సిరా, టూత్‌పేస్టు, పసుపు, ఐసుగడ్డ వాడరాదు. అగ్నిమాపక సేవలకు 101, అంబులెన్సుకు 108, ఏ అత్యవసర సహాయానికైనా 112 నంబరుకు ఫోను చేయవచ్చు.