పూత లేని గోడలు: ఒక విద్యాభవనపు పోషణము

భవనమును కట్టుట శిల్పమనియు, దానిని కాపాడుట కేవలము కూలిపని యనియు తలచు వాడుక మనలో కలదు. కాంక్రీటు కట్టడముల విషయమున ఈ భేదము నిలువజాలదు. ఇటుక గోడకు సున్నము కలదు. పూత లేక వదలిన కాంక్రీటునకు పై పొరయే యందము, పై పొరయే కవచము. అమెరికాలో న్యూహేవెన్ నగరమందలి యేల్ విశ్వవిద్యాలయపు కళా వాస్తుశిల్ప భవనమును ఇందులకు ఉదాహరణముగ గ్రహించుచున్నాము.

1963లో పూర్తియైన ఈ భవనమునకు శిల్పి పాల్ రుడాల్ఫ్. నాడచట వాస్తుశిల్పశాఖాధ్యక్షుడును ఆయనయే. నిలువు గాడులుగల కొయ్యమూసలలో కాంక్రీటు పోయించి, మూసలు విప్పిన పిమ్మట, పైకి పొడుచుకొని వచ్చిన గట్లను పనివారిచే సుత్తులతో పగులగొట్టించెను. లోపలి రాతిముక్కలు బయటపడెను. చూచువారికిది మొరటుగా తోచును. తాకిన చేయి గీరుకొనును. కాని ఇందొక యుక్తి యున్నది. నునుపైన గోడపై వాననీరు ఇచ్చవచ్చినట్లు జారి నల్లని చారలు దిద్దును. ఇచట నీరు గాడుల వెంట దిగును. మరక గరుకులో మరుగుపడును.

ఇట్టి గోడకు పెచ్చులూడినచో సిమెంటు మెత్తి రంగు వేయుట మరమ్మతు కాదు. కాంక్రీటులోని క్షారగుణము లోపలి యినుప కడ్డీలను తుప్పు పట్టనీయదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోనికింకి ఆ గుణమును హరించును. పిదప తేమ తగిలిన కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, పై పొరను పగులగొట్టును. కావున చెడిన భాగమును తొలిచి, కడ్డీని శుభ్రపరచి, పాత గోడ రంగునకును గరుకునకును సరిపోవు మిశ్రమమును నింపవలెను. పూతతో పని ముగించి, మరుసటి వానకాలము వెళ్లగనే మరల పరంజా కట్టుట మన కళాశాలలలో చూచుచునే యున్నాము.

1969 జూన్ 14న అగ్నిప్రమాదమున యేల్ భవనము మిక్కిలి దెబ్బతినెను. తరువాతి మరమ్మతులలో విశాలమైన గదులను అడ్డుగోడలతో చీల్చిరి. గ్రంథపరిష్కరణము నెరిగిన మనకివి ప్రక్షిప్తములని తోచక మానదు. 2008లో వానిని తొలగించి భవనమునుద్ధరించిన చార్లెస్ గ్వాత్మీ రుడాల్ఫునకు శిష్యుడు! నేడది రుడాల్ఫ్ హాల్ అని పిలువబడుచున్నది. శిష్యుడు మూలమును యథాతథముగ నిలిపెనా యనిన, లేదు. గాలిని చల్లబరచు యంత్రములను చేర్చెను. తాళపత్రమును పరిష్కరించువాడు దానిలో కాపురముండడు. భవనమున మనుష్యులు మసలవలెను. కావున ఈ చేర్పు దోషము కాదని మా యభిప్రాయము. ఇరుకు గదులను గూర్చి మొదటినుండియు మొరపెట్టుకొనుచుండిన చిత్రకారుల శాఖ మాత్రము ఈ యుద్ధరణకు ముందే, 2000లో, వేరొక భవనమునకు తరలిపోయెను.