ఇంట్లోనే గిటారుకు ‘రివర్బ్’ పెడల్

ఖాళీ మండపంలో పాడిన స్వరం గోడలకు తగిలి, అలలు అలలుగా తిరిగివచ్చి చెవిన పడుతుంది. గిటారు నాదానికి ఆ గుణాన్ని సంతరింపజేసేదే ‘రివర్బ్’ పెడల్. 1961లో అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ ఇందుకోసం స్ప్రింగులతో కూడిన ప్రత్యేక పెట్టెను విపణిలోకి తెచ్చింది. నేడు ఆ పనిని చిన్న చిప్పులే నిర్వర్తిస్తున్నాయి.

దిగుమతి సుంకంతో ధర పెరిగే విదేశీ పెడళ్లు మన యువ వాద్యకారులలో అనేకులకు అందనివి. వారికి ముంబయి లామింగ్టన్ రోడ్డు, చెన్నై రిచీ వీధి, బెంగళూరు ఎస్.పి.రోడ్డులలోని విడిభాగాల దుకాణాలే దిక్కు. కరావోకే యంత్రాల్లోనూ వాడే తైవాన్ చిప్ పి.టి.2399 ఈ తయారీకి ఆధారం. ఒక్క చిప్ ఇచ్చేది విడివిడి ప్రతిధ్వనులనే. మూడు చిప్పులను వేర్వేరు స్వల్ప వ్యవధులతో కలిపితే ఆ ప్రతిధ్వనులు పెనవేసుకుని మండప నాదాన్ని తలపిస్తాయి.

అయితే జాగ్రత్త అవసరం. పెడళ్లకు సాధారణంగా 9 వోల్టుల విద్యుత్తు ఇస్తారు; ఈ చిప్‌కు కావలసింది 5 వోల్టులే. నడుమ 7805 రెగ్యులేటర్ అమర్చకపోతే శ్రమ వృథా.

ఇంటి పెడల్‌లో కొంత రొద మిగలవచ్చు. కానీ అది మూగబోయిన నాడు విప్పి బాగుచేసుకునే నేర్పు, కొన్న పెడల్‌తో పాటు రాదు.