ఊరు సంజామల, కొలువు పొరుగు రాష్ట్రం: పన్ను ఎవరికి చెల్లించాలి?

నంద్యాల: జిల్లాలోని సంజామల మండలం నుంచి ఉపాధి నిమిత్తం హైదరాబాదు, బెంగళూరు వెళ్లేవారికి తరచు కలిగే సందేహం ఒకటున్నది. ఇల్లు, పొలం ఆంధ్రప్రదేశ్‌లో, జీతం తెలంగాణలోనో కర్ణాటకలోనో ఉన్నపుడు ఆదాయపు పన్ను రెండు చోట్ల చెల్లించాలా? అవసరం లేదు.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం వ్యవసాయేతర ఆదాయంపై పన్ను విధించే అధికారం కేంద్రానిదే. కావున దేశంలో ఎక్కడ పనిచేసినా పాన్ నంబరుపై ఒకే రిటర్ను దాఖలు చేస్తే చాలును. అమెరికాలో పరిస్థితి వేరు. న్యూజెర్సీలో నివసిస్తూ న్యూయార్క్‌లో పనిచేసేవారు రెండు రాష్ట్రాలలోనూ రిటర్నులు దాఖలు చేయవలసి ఉంటుంది.

రాష్ట్రాన్ని బట్టి మారేది వృత్తి పన్ను మాత్రమే. రాజ్యాంగం 276వ అధికరణం దీనికి అవకాశమిచ్చినది. 1988లో 60వ సవరణ ద్వారా వార్షిక పరిమితిని రూ.250 నుంచి రూ.2,500కు పెంచారు. స్వగ్రామం ఏదైనప్పటికీ, ఉద్యోగం చేసే రాష్ట్రపు రేటే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నెల జీతం రూ.15,000 దాటితే రూ.150, రూ.20,000 దాటితే రూ.200 కోత ఉంటుంది. కర్ణాటకలో రూ.25,000 లోపు జీతానికి ఈ పన్ను లేదు. అంటే రూ.22,000 జీతగాడికి హైదరాబాదులో ఏడాదికి రూ.2,400 కోత పడగా, బెంగళూరులో ఏమీ పడదు.

స్వగ్రామంలోని పొలంపై వచ్చే వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. అయితే అది రూ.5,000 దాటి, ఇతర ఆదాయం కనీస పరిమితిని మించినపుడు, పన్ను రేటు నిర్ణయానికి దానిని కలిపి లెక్కిస్తారు. అందుచేత రిటర్నులో చూపడం అవసరం.

అల్పాదాయ వర్గాలు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. కాంట్రాక్టు పనులకు చెల్లించే సొమ్ములో మూలం వద్దనే పన్ను కోసిన సందర్భాలలో, వార్షికాదాయం పన్ను పరిధిలోకి రాకున్నా ఆ సొమ్ము దానంతటదే తిరిగి రాదు. గడువులోగా రిటర్ను దాఖలు చేస్తేనే వాపసు లభిస్తుంది. దీనికై పనిచేసిన నగరానికి వెళ్లనవసరం లేదు. ఆన్‌లైన్‌లో సంజామల నుంచే దాఖలు చేయవచ్చును.

కోత ఏ రాష్ట్రంలో జరిగినా ఆదాయపు పన్ను కేంద్ర ఖజానాకే చేరుతుంది. అందులో రాష్ట్రాల వాటా ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు పంపిణీ అవుతుంది.