వెన్నులో సూది ఎక్కడ దిగుతుంది?

"సిజేరియన్ అప్పుడు వెన్నులో వేశారే, ఆ సూది వల్లే నాకీ నడుం నొప్పి." ఈ మాట వినని తెలుగిల్లు అరుదు. పిల్లాడు ఇంజినీరింగ్‌కి వచ్చినా ఆ సూది మీద కోపం తగ్గదు. సూది వెన్నుపాముకే గుచ్చుకుని ఉంటుందన్న అనుమానం ఆ కోపం వెనక ఉంటుంది. కొలతలు తెలిస్తే ఆ అనుమానం చాలా వరకు తేలిపోతుంది.

వెన్నెముక పొడవు మగవాళ్లలో సుమారు 70 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో కాస్త తక్కువ. దాని లోపలి గొట్టంలో ఉండే వెన్నుపాము మాత్రం సగటున మగవాళ్లలో 45, ఆడవాళ్లలో 43 సెంటీమీటర్లే. మందం చిటికెన వేలంత, బరువు 35 గ్రాములు. తల్లి కడుపులో మూడో నెల దాకా రెండూ ఒకే పొడవు. ఆ తర్వాత ఎముక వేగంగా పెరిగి, వెన్నుపాము వెనకబడిపోతుంది. పుట్టేనాటికి దాని కొస మూడో నడుము పూస దగ్గర ఉంటుంది. పెద్దయ్యాక మొదటి, రెండో పూసల మధ్యకు చేరుతుంది.

మత్తు డాక్టరు తుంటి ఎముకల పై అంచులు రెండింటినీ వేళ్లతో తడుముతారు. వాటిని కలిపే గీత నాలుగో నడుము పూస మీదుగా పోతుంది. సూది దిగేది ఆ పూసకు కాస్త పైన గానీ, కింద గానీ. అక్కడ వెన్నుపాము ఉండదు. కింది పూసల నుంచి బయటికి పోవాల్సిన నరాలు మాత్రం గుర్రపు తోకలా వేలాడుతూ, ద్రవంలో తేలుతుంటాయి. అర మిల్లీమీటరు మందం సూది తగిలితే అవి సాధారణంగా పక్కకు జరుగుతాయి. లోపలికి వెళ్లే మందు రెండు మిల్లీలీటర్లు, కాస్త అటూ ఇటూ.

ఈ పద్ధతికి నాంది 1898లో జర్మనీలోని కీల్ నగరంలో పడింది. సర్జన్ ఆగస్ట్ బీర్ కొకైన్‌తో దీన్ని రోగుల మీద చేసి, తర్వాత తనమీదా, తన సహాయకుడు హిల్డెబ్రాంట్ మీదా ప్రయోగించాడు. మత్తెక్కాక హిల్డెబ్రాంట్ కాలి మీద ఇనప సుత్తితో కొట్టినా నొప్పి తెలియలేదట. రాత్రి ఇద్దరూ వైను తాగి, చుట్టలు కాల్చి సంబరం చేసుకున్నారు. మర్నాటి నుంచి బీర్‌కు రోజుల తరబడి తలనొప్పి. సూది రంధ్రం గుండా ద్రవం కారిపోవడమే కారణం. ఆ ద్రవం మెదడు, వెన్ను రెండూ కలిపి 150 మిల్లీలీటర్లే. ఒంట్లో రోజుకు 500 దాకా కొత్తగా ఊరుతుంది కాబట్టి లోటు పూడుతుంది.

ఇక నడుం నొప్పి. సూది దిగిన చోట నాలుగు రోజులు సలపొచ్చు. ఏళ్లు సాగే నొప్పికీ ఈ మత్తుకూ సంబంధం ఉందని పరిశోధనల్లో తేలలేదు. తొమ్మిది నెలల బరువు, వదులైన కీళ్లు, బిడ్డను ఎత్తుకుని రోజంతా వంగడం... వీటిని వదిలేసి సూదిని ఆడిపోసుకుంటున్నాం.

ఇంతకీ, సూదికి పక్కకు జరిగే ఆ నరాల సంగతి. వెన్నుపాము నుంచి బయల్దేరే నరాలు 31 జతలు. మెడలో పూసలు 7 అయితే నరాలు 8 జతలు, ఎందుకంటే మొదటి జత మొదటి పూసకు పైనుంచే వస్తుంది. మెడ నరాల్లో 3, 4, 5 కలిసి ఊపిరికి ఆధారమైన డయాఫ్రాన్ని ఆడిస్తాయి. ఆ నరాలు బయల్దేరే చోటికి పైన వెన్నుపాము తెగితే వెంటిలేటరే గతి.

అన్నట్టు, సెలైన్ పెట్టేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది చూడండి, ఆమె వెతికేది రక్తనాళం. మన భాషలో రెండూ నరాలే. నేను చెప్పేవి కబురు మోసే నరాలు.

ఆ కబుర్ల వేగాల్లో బోలెడు తేడా. కండరాన్ని కదిలించే లావుపాటి పోగుల్లో సెకనుకు 120 మీటర్ల దాకా, అంటే గంటకు 430 కిలోమీటర్లు. మొద్దు నొప్పిని మోసే సన్న పోగుల్లో సెకనుకు ఒక్క మీటరు, మనిషి నడక కంటే మెల్లగా. గడపకు కాలి వేలు కొట్టుకున్నప్పుడు తగిలిందని వెంటనే తెలిసి, చురుక్కుమని, ఓ క్షణం ఆగాక అసలు బాధ రావడం అందుకే. వెంటనే వేలు రుద్దుకుంటాం. ఆ స్పర్శ వేగంగా వెళ్లి, వెన్నుపాము గుమ్మం దగ్గరే నొప్పిని కొంత అడ్డుకుంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో ప్రతిపాదించారు.

నరాల పొడవుకూ ప్రాముఖ్యం ఉంది. షుగరు ఎక్కువ కాలం అదుపు తప్పితే ముందు దెబ్బతినేవి పొడవాటి నరాలు. తిమ్మిర్లు, మంటలు పాదాల్లో మొదలవడానికి కారణం అదే.

వెన్నుపాము తెగితే తిరిగి అతకదు. చేతి నరం తెగితే మాత్రం కుట్టవచ్చు. పోగులు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. మోచేతి దగ్గర తెగితే వేలి కొసకు చేరడానికి ఏడాది పైనే. పోగులు దారిలో ఎంతవరకు వచ్చాయో చూడాలంటే డాక్టరు నరం వెంట వేలితో తట్టుకుంటూ పోతారు. పెరుగుతున్న కొస మీద తట్టగానే చేతిలో జిల్లుమంటుంది. నెల తర్వాత వెళ్తే, ఆ జిల్లు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగి ఉంటుంది.