మీ ఊరగాయ జాడీ గూగుల్లో కనిపిస్తోందా?

వేసవి వచ్చిందంటే చాలు, మన తెలుగిళ్ళల్లో మామిడికాయల కోత, ఆవపిండి ఘాటు, డాబా మీద పరిచిన పాత చీరలు! ఇంట్లోకి పెట్టుకునేది పోగా నాలుగు జాడీలు ఎక్కువ పెట్టి అమ్ముకునే గృహిణులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళలా ఆ డబ్బు సంసారానికి ఎంతో ఆసరా.

ఒకప్పుడు గేటుకి 'ఇచ్చట ఊరగాయలు, పొడులు అమ్మబడును' అని బోర్డు తగిలిస్తే సరిపోయేది. వీధిలో వాళ్ళు చూసేవాళ్ళు, నోటిమాట మీద పక్క వీధికి పాకేది. ఇప్పుడు కొనేవాళ్ళ చూపు గేటు మీద లేదు, చేతిలోని ఫోను మీద ఉంది. మీ ఇంటికి రెండు సందుల అవతల అపార్టుమెంటులో కాపురముండే అమ్మాయి కూడా 'దగ్గర్లో గోంగూర పచ్చడి' అని ఫోన్లోనే వెతుకుతుంది. అక్కడ మీ పేరు రాకపోతే ఆ అమ్మాయి లెక్కలో మీరు లేనట్లే!

"అమ్మో, ఇంటర్నెట్టూ, మార్కెటింగూ మనకెందుకండీ?" అంటారా? ప్రెషర్ కుక్కర్ వచ్చిన కొత్తలో మన అమ్మలూ విజిల్‌కి ఇలాగే భయపడ్డారు. ఇందులో మనకు కావలసిన పనిముట్లు చాలావరకు ఉచితం. ఆ సంగతి తెలియకపోవడం వల్లే వేలకు వేలు పోతున్నాయి.

వెతికితే ఎలా దొరుకుతుంది?

గూగుల్ 1998లో మొదలైంది. దాని ప్రోగ్రాములు ఒక పేజీలోంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని తిరుగుతూ, చదివినవన్నీ ఒక పెద్ద సూచికలో రాసి పెట్టుకుంటాయి. మనం అడిగినప్పుడు ఆ సూచికలోంచి తీసి చూపిస్తుంది. అంటే అది మీ పేజీని చదివి ఉండకపోతే చూపించే ప్రసక్తే లేదు.

జవాబులు వచ్చినప్పుడు కాస్త జాగ్రత్తగా చూడండి. పైన 'స్పాన్సర్డ్' అని ఉన్నవి డబ్బు కట్టిన ప్రకటనలు. కొన్నిసార్లు మ్యాపు మీద కొన్ని షాపుల పేర్లు వస్తాయి. తక్కినవి మామూలు జవాబులు. ఈ మామూలు జవాబుల్లో చోటు గూగుల్ ఎవరికీ అమ్మదు. ఎంత డబ్బు ఇస్తామన్నా సరే! ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ముందు ముందు చాలా ఉపయోగపడుతుంది.

ముందు మ్యాపులోకి ఎక్కండి

'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్' అనేది మొదటి మెట్టు. 2014 నుంచి 'గూగుల్ మై బిజినెస్' అనేవారు, 2021లో ఈ పేరు పెట్టారు. పైసా ఖర్చు లేదు. మీ వ్యాపారం పేరు, ఫోను నంబరు, అమ్మే వేళలు, ఫొటోలు అన్నీ ఇందులో పెట్టుకోవచ్చు.

"ఇంటి అడ్రసు అందరికీ తెలిస్తే ఎలాగండీ?" అని చాలామంది ఆడవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. న్యాయమైన భయమే. అడ్రసు కనబడకుండా దాచిపెట్టి, మీరు ఏయే ప్రాంతాలకు తెచ్చి ఇస్తారో అవి మాత్రమే చూపించే వీలుంది. అలా 20 ప్రాంతాల దాకా రాసుకోవచ్చు. అయితే ఒక నిబంధన ఉంది. కొనేవాళ్ళు మీ దగ్గరకు రావాలి, లేదా మీరే వాళ్ళకు స్వయంగా అందించాలి. ఎవరినీ కలవకుండా అన్నీ కొరియర్లోనే పంపే వ్యాపారానికి ఈ ప్రొఫైల్ ఇవ్వరు. ఊళ్ళో నలుగురికి ఇచ్చేవాళ్ళకు ఇబ్బంది లేదు.

ప్రొఫైల్ పెట్టాక మీరు నిజంగా ఉన్నారా అని సరిచూస్తారు. ఈమధ్య చాలామందిని వీడియో తీసి పంపమంటున్నారు. మీ వీధి, మీరు పని చేసే చోటు, జాడీలు, లేబుళ్ళు, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. గరిట పట్టుకుని హడావిడి పడకుండా ముందు ఒకసారి రిహార్సల్ వేసుకోండి!

పేరు దగ్గర అతి తెలివి వద్దు. మీ లేబుల్ మీద ఉన్న పేరే రాయాలి. దాని పక్కన 'హైదరాబాదులో బెస్ట్ ఆంధ్రా పికిల్స్' లాంటి తోకలు తగిలించడం నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే ఆపేయవచ్చు. అలాగే రివ్యూ రాస్తే పావుకిలో పొడి ఫ్రీ అనడం కూడా కూడదు. కొన్నవాళ్ళకు లింకు పంపి "మీకెలా అనిపించిందో రాయండమ్మా" అని అడగడంలో మాత్రం తప్పు లేదు. ఎవరైనా ఉప్పెక్కువైందని రాస్తే కోపం తెచ్చుకోకుండా మర్యాదగా జవాబివ్వండి. ఆ జవాబు చదివి కొనేవాళ్ళూ ఉంటారు.

ఇదే ప్రొఫైల్లో ఉచితంగా చిన్న వెబ్‌సైటు చేసుకునే వీలు ఇదివరకు ఉండేది. 2024 మార్చిలో దాన్ని తీసేశారు. పాత వీడియోలు చూసి దాని కోసం వెతక్కండి.

గోంగూరకు ఎన్ని పేర్లో!

నాకు అన్నింటికంటే సరదాగా అనిపించే భాగం ఇది. మనం 'ఆవకాయ' అని ఒక్కలాగే పలుకుతాం. వెతికేటప్పుడు మాత్రం ఒకరు తెలుగు లిపిలో, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందులోనూ చివర 'వై, ఎ' పెట్టేవాళ్ళు కొందరు, 'ఐ' తో సరిపెట్టేవాళ్ళు కొందరు, 'కె' రెండుసార్లు కొట్టేవాళ్ళు కొందరు. 'ఆంధ్రా మ్యాంగో పికిల్' అనేవాళ్ళు వేరే!

ఇక గోంగూర సంగతి చూడండి. తమిళులు పుళిచ్చ కీరై అంటారు, కన్నడిగులు పుండి సొప్పు అంటారు, మరాఠీవాళ్ళు అంబాడీ అంటారు. బెంగుళూరులోనో, పూణేలోనో ఉన్న మీ పక్కింటివాళ్ళకు మీ పచ్చడి నచ్చిందనుకోండి, వాళ్ళు వాళ్ళ పేరుతోనే వెతుకుతారు. ఒక పేజీలో ఈ పేర్లన్నీ మామూలు వాక్యాల్లో కలిసిపోయేలా రాయండి. 'గోంగూరనే మహారాష్ట్రలో అంబాడీ అంటారు' అని ఒక్క మాట రాస్తే చాలు. అంతేగాని ఒకే మాటను యాభైసార్లు కుమ్మరిస్తే లాభం లేదు. అది చదివేవాళ్ళకు విసుగు, గూగుల్ లెక్కలో అది స్పామ్. కనబడకుండా కోడ్‌లో కీవర్డులు దాచే పాత చిట్కా ఒకటి ఇంకా కొందరు అమ్ముతున్నారు. ర్యాంకు ఇవ్వడానికి ఆ ట్యాగును తాము చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఏ మాట ఎక్కువగా వెతుకుతున్నారో తెలియాలంటే 'గూగుల్ ట్రెండ్స్' చూడండి. ఇది కూడా ఉచితమే. 2004 నుంచి లెక్కలున్నాయి. ఒకేసారి కొన్ని మాటలను పోల్చుకోవచ్చు, రాష్ట్రాలవారీగానూ చూడవచ్చు. గీత 100కి చేరిందంటే వందమంది వెతికారని కాదు సుమా! మీరు ఎంచుకున్న కాలంలో ఎక్కువగా వెతికిన సమయానికి 100 వేసి, మిగిలినవి దానితో పోల్చి చూపిస్తుంది. మీరు చేసే ఒక్కో సరుకు పేరూ కొట్టి, ఏ నెలలో గీత లేస్తోందో చూడండి. అంతకు రెండు మూడు నెలల ముందే ఆ పేజీ సిద్ధం చేసి పెట్టుకోవాలి. కాయ మార్కెట్లోకి వచ్చాక రాయడం మొదలుపెడితే సీజను దాటిపోతుంది.

సొంత వెబ్‌సైటు అవసరమా?

మొదట్లోనే అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది, అందులోని కేటలాగులో సరుకుల ఫొటోలు, ధరలు పెట్టుకోవచ్చు. తెలిసినవాళ్ళకు అమ్మడానికి అది బ్రహ్మాండం. తెలియనివాళ్ళు గూగుల్లో వెతికి రావాలంటే మాత్రం సొంత పేజీలు కావాలి.

ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్‌ను 'కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' అంటారు. పేరు చూసి బెదరకండి. మన పోపుల డబ్బా లాంటిదే! రాసినవి ఒక గిన్నెలో, ఫొటోలు ఒక గిన్నెలో, ధరలు ఒక గిన్నెలో ఉంటాయి. ధర మార్చాలంటే ఆ గిన్నె ఒక్కటి తీస్తే చాలు, కంప్యూటర్ చదువు చదవక్కర్లేదు. 2003లో వచ్చిన 'వర్డ్‌ప్రెస్' వీటిలో అందరికీ తెలిసింది. ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లలో 40 శాతం పైగా దానిమీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం గాని, సైటు ఉంచుకునే చోటుకు అద్దె, సైటు పేరుకు ఏటా రుసుము ఉంటాయి.

ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెట్టండి. ఏ కాయ, ఏ నూనె, వెల్లుల్లి వేశారా లేదా, ఎన్ని గ్రాములు, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ఏమిటి, ఇవన్నీ అందులో ఉండాలి. ఈమధ్య వ్యాసాలు రాసిపెట్టే ఏఐ యంత్రాలు వచ్చాయి కదా, వాటిని అడిగితే 'అద్భుతమైన రుచి, అమ్మమ్మ చేతి కమ్మదనం' అని క్షణంలో రాసేస్తాయి. మీరు గానుగ నువ్వుల నూనె వాడారని దానికి ఎలా తెలుస్తుంది? కొనేవాళ్ళు అడిగేది అదే!

ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్లే ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతుంది. 'స్క్వూష్' అనే ఉచిత పనిముట్టుతో సైజు తగ్గించి ఎక్కించండి. లేబుళ్ళకీ, పండగ ఆఫర్ల కార్డులకీ 'కాన్వా' ఉచిత రకం సరిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో 'యోస్ట్' అని ఒకటి కలుపుకుంటే, రాసిన పేజీకి ఎరుపు, నారింజ, పచ్చ చుక్కలు వేస్తుంది. తప్పులు చూసుకోవడానికి మంచిదే. అయితే పచ్చ చుక్క వచ్చిందని పొంగిపోవద్దు, అది గూగుల్ వేసిన మార్కు కాదు.

ఏం వెతికి వచ్చారో చెప్పే చిట్టా

సైటు పెట్టిన రోజే 'గూగుల్ సెర్చ్ కన్సోల్'లో చేర్చండి. నేనైతే మిగతావన్నీ మానేసినా ఇది ఒక్కటి చూడమంటాను. జనం ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది దాని మీద నొక్కారు, 16 నెలల చిట్టా అందులో ఉంటుంది.

మా కాలనీలో పొడులు, పచ్చళ్ళు చేసే పిన్నిగారొకరు ఉన్నారు. ఆవిడ పేజీ 'వెల్లుల్లి లేని ఆవకాయ' అన్న మాటకు చాలాసార్లు కనబడుతోంది గాని ఎవ్వరూ నొక్కడం లేదు. కారణం చూస్తే, పేజీ శీర్షిక ఉత్త 'మామిడి పచ్చడి'! ఆవిడ అమ్మేది వెల్లుల్లి లేనిదే అయినా ఆ మాట లోపల ఎక్కడో పదో వరుసలో ఉంది. శీర్షిక మార్చారు. ఓ నెలన్నర తర్వాత ఆ మాట మీద ఆర్డర్లు రావడం మొదలయ్యాయి. ఖర్చయింది ఆవిడ మధ్యాహ్నపు నిద్ర ఒక్కటే. ఇలాంటి మార్పుల ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పట్టచ్చు, కొన్ని నెలలూ పట్టచ్చు.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఈ పిన్నిగారికే ఓసారి ఫోనొచ్చింది. "మిమ్మల్ని గూగుల్ మొదటి పేజీలో మొదటి స్థానంలో కూర్చోబెడతాం, గ్యారంటీ. 18 వేలు కట్టండి" అని. ఆవిడకు కిలో పచ్చడి మీద మిగిలేది 120 రూపాయలు. కాగితం మీద లెక్క వేసుకున్నారు. 18 వేలు మిగలాలంటే 150 కిలోలు పెట్టి అమ్మాలి! మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసి పెట్టింది. ప్రొఫైల్ ఉంచడానికి డబ్బు కట్టమని ఎవరైనా గూగుల్ పేరుతో ఫోన్ చేస్తే అది మోసమే, పెట్టేయండి.

అంతకంటే బాధ కలిగించింది మా వదిన సంగతి. ఆవిడ నాలుగేళ్ళుగా స్వీట్లు చేసి అమ్ముతోంది. పని తెలియదని ఒక కంపెనీకి అప్పజెప్పింది. వాళ్ళు సైటు పేరు వాళ్ళ పేరు మీదే కొన్నారు, గూగుల్ ప్రొఫైల్ వాళ్ళ మెయిల్ మీదే తెరిచారు. రెండో ఏడు ఫీజు రెట్టింపు చేశారు. "కట్టలేనండీ" అంటే సైటు ఆగిపోయింది. ప్రొఫైల్ విషయంలో, అది మాదేనని గూగుల్‌కి అర్జీ పెట్టుకునే మార్గం ఉంది కాబట్టి రివ్యూలు దక్కాయి. సైటు పేరు మాత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. పాత కొనుగోలుదార్లు ఆ పేరు కొట్టి, ఖాళీ పేజీ చూసి, వదిన వ్యాపారం మానేసిందనుకున్నారట!

కాబట్టి పని ఎవరికి అప్పగించినా సైటు పేరు మీ మెయిల్‌తో, మీ ఫోను నంబరుతోనే కొనిపించండి. ప్రొఫైల్‌కి, సెర్చ్ కన్సోల్‌కి ఓనరు మీరే ఉండి, వాళ్ళను మేనేజరుగానో, యూజరుగానో చేర్చండి. వద్దనుకున్న రోజు తీసేయవచ్చు. 'వేల లింకులు తెప్పిస్తాం' అంటే వద్దని చెప్పండి. లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. పాస్‌వర్డులు ఫోన్లోనే గాక, ఇంట్లో లెక్కల పుస్తకంలోనూ రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇక సీజను అయిపోయి సరుకు నిండుకున్నప్పుడు చాలామంది ఆ పేజీ తీసిపారేస్తారు. అలా చేయకండి. తీసేస్తే అప్పటిదాకా దానికి వచ్చిన చోటు పోతుంది, మళ్ళీ వేసవిలో మొదటినుంచి మొదలుపెట్టాలి. 'ఈ ఏటి ఆవకాయ అయిపోయింది, కొత్తది ఏప్రిల్లో' అని పైన ఒక వాక్యం రాసి, కింద వాట్సాప్ నంబరు ఉంచండి. పేరు చెప్పి ఉంచుకునేవాళ్ళు జనవరి నుంచే మొదలుపెడతారు.