చెత్తబుట్టలో చేవ ఉంది!

వంకాయ తొడిమలు, బీరకాయ చెక్కు, వడకట్టిన టీపొడి, దేవుడి పటం మీంచి తీసిన నిన్నటి పూలు... పొద్దుటి వంట పూర్తయ్యేసరికి ఇవన్నీ ఓ సంచిలోకి చేరతాయి. బండి రాగానే అందించేసి 'హమ్మయ్య' అనుకుంటాం. ఆ సంచి ఎక్కడికెళుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మన నగరాల చెత్తలో దాదాపు సగం ఇలా కుళ్లిపోయేదే. ఊరిచివర గుట్టగా పోస్తే అడుగున గాలాడక మీథేన్ వాయువు పుడుతుంది. గుట్టలు అంటుకుని రోజులతరబడి పొగలు కక్కడానికి అదో కారణం. నల్లటి ఊట నేలలోకి ఇంకి బావుల్నీ, బోర్లనీ పాడుచేస్తుంది. మనం కలిపి పారేసిన బ్లేడుముక్క, గాజుపెంకు కోసేది చేత్తో చెత్త ఏరే మనిషి వేళ్లనే!

ఈ దుస్థితి చూసి ఊరుకోలేక బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఫలితంగా 2000లో పట్టణ చెత్త నిర్వహణకు దేశవ్యాప్త నిబంధనలు వచ్చాయి. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరుచేయాలనీ, శానిటరీ న్యాప్‌కిన్లను చుట్టి పొడిచెత్త బుట్టలో వేయాలనీ 2016 నిబంధనలు చెప్పాయి.

కేరళలోని అలప్పుళది మరో కథ. ఊరి చెత్తంతా తమ దగ్గరే పోస్తుంటే సర్వోదయపురం జనం లారీలను అడ్డుకున్నారు. దారిలేక 2012లో ఆ పట్టణం ఇళ్లలో పైపు కంపోస్టు, గోబర్‌గ్యాస్, వీధుల్లో గాలాడే కంపోస్టు తొట్లు మొదలుపెట్టింది. ఎక్కడి చెత్త అక్కడే ఎరువైంది.

'మేం వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారండీ' అని చాలామంది నిట్టూరుస్తారు. నిజమే. కానీ గడప దాటని తడిచెత్తను ఎవరు కలపగలరు?

ఇలా చేసి చూడండి

* మూతున్న పాత బకెట్‌కు అడుగున, పక్కల చిల్లులు పెట్టండి. అడుగున కొబ్బరిపీచు పరవండి.

* తడిచెత్తను చిన్న ముక్కలుచేసి వేయండి. ప్రతిసారీ దానికి రెట్టింపు ఎండుటాకులో, రంపపుపొట్టో పైన కప్పండి.

* వారానికోసారి, రెండుసార్లు కలియబెట్టండి. పిండిన బట్టలా చెమ్మగా ఉంటే చాలు. వాసనొస్తే తడి ఎక్కువైనట్టే, ఎండుటాకులు కలపండి. మరీ ఎండితే నీళ్లు చిలకరించండి.

* మాంసం, ఎముకలు, పాలు, నూనె కూరలు వద్దు.

రెండు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టివాసనతో ఎరువు సిద్ధం. ఒక వంతు ఎరువుకు రెండు మూడు వంతుల మట్టి కలిపి కుండీల్లో నింపుకోండి.

మన అమ్మమ్మలు పెరట్లో గొయ్యి తీసి చేసిన పనే ఇది. పెరడు పోయిందని బెంగెందుకు? బాల్కనీ ఉందిగా! రేపు బీరకాయ చెక్కు తీశాక, సంచికోసం కాదు, బకెట్‌కోసం చూడండి.