ముద్ద దిగనప్పుడు: అన్నవాహిక క్యాన్సర్ ఎక్కడ పుడుతుంది?

కవాడిగూడ నుండి ఒక పెద్దాయనను కూతురు మా ఓ.పి.కి తీసుకొని వచ్చింది. "అన్నం దిగుతలేదు సిస్టర్, ముద్దకో గుక్క నీళ్లు తాగాలె" అన్నారు ఆయన. ఎన్నాళ్లుగా అని అడిగితే కూతురు అందుకొని "అయిదు నెలల సంది" అన్నది. మొదట జొన్నరొట్టె మానుకున్నారట, తర్వాత అన్నం, తర్వాత ఇడ్లీ. నలుగురిలో ముద్ద అడ్డం పడితే సిగ్గని దావతులకు పోవడం కూడా మానుకున్నారు. ఈ అయిదు నెలలూ మందుల షాపులో గ్యాస్ మాత్రలు కొని వేసుకున్నారు. బీడీ అలవాటు నలభై ఏళ్లది.

కూతురి చేతిలో ఒక పేపరు కటింగ్ ఉంది. క్యాన్సర్‌కు మూలం స్టెమ్ సెల్స్ అని అందులో రాసి ఉంది. "ఆ స్టెమ్ సెల్ టెస్టు రాయించండి సిస్టర్, అప్పు చేసైనా కడతాం" అన్నది. ఆమెకు మేము చెప్పిన మాటలనే పాఠకులకూ కొంచెం వివరంగా చెప్పదలిచాము.

అన్నవాహిక అంటే గొంతు నుండి జీర్ణాశయం వరకు సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని లోపలి గోడ చర్మంవలె పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికంటే అడుగు పొరలోని కణాలే విభజన చెందుతాయి. కొత్త కణాలు మెల్లగా పైకి వచ్చి, చివరకు రాలి, మనం మింగే ఆహారంతో పోతాయి. అడుగున ఉండి జీవితాంతం ఇలా కొత్త కణాలను ఇచ్చేవాటినే మూలకణాలు అంటాము. రాలిపోయే కణానికి దెబ్బ తగిలినా అది దానితోనే పోతుంది. మూలకణానికి తగిలిన దెబ్బ మాత్రం దాని సంతతికంతా వస్తుంది. క్యాన్సర్ పుట్టుక గురించి శాస్త్రజ్ఞులు ఆ అడుగు పొరలో వెతకడానికి కారణం ఇదే.

మార్కరు అంటే గుర్తింపు కార్డు వంటిది. మన నర్సులను తెల్ల యూనిఫారం చూసి గుర్తుపట్టినట్లు, కణాలను వాటిలోని ప్రోటీన్లను బట్టి గుర్తిస్తారు. పి63 అనే ప్రోటీను అన్నవాహిక అడుగు పొర కణాలలో ఉంటుంది. బయాప్సీ ముక్కకు తగిన రసాయనం పట్టిస్తే ఆ కణాల కేంద్రకాలు మైక్రోస్కోపు కింద గోధుమ రంగులో కనబడతాయి. జీర్ణాశయం, పేగుల మూలకణాలకు ఎల్‌జీఆర్5 అనే వేరొక గుర్తు ఉంది.

ఈ క్యాన్సరు ముఖ్యంగా రెండు రకాలు. మన దేశంలో ఎక్కువగా కనబడేది స్క్వామస్ రకం. ఇది పైన చెప్పిన పొరలలోనే పుడుతుంది. పొగాకు, మద్యం, వక్క దీనికి ముఖ్య కారణాలు. పొగాకూ మద్యమూ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండవది అడినోకార్సినోమా. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి ఎగదన్నేవారిలో అన్నవాహిక కింది భాగపు పొర మారిపోతుంది. దీన్ని బారెట్స్ అంటారు. ఈ రకం అక్కడ మొదలవుతుంది. ఆ మారిన పొర జీర్ణాశయపు పైఅంచు కణాల నుండి వస్తుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2021లో చూపించారు.

మమ్మల్ని ఆశ్చర్యపరచినది 2018లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన. క్యాన్సర్ లేని 9 మంది దాతల అన్నవాహికలను వారు పరీక్షించారు. వయసు మళ్లినవారిలో, పూర్తి ఆరోగ్యంగా కనబడే పొరలో కూడా క్యాన్సర్‌కు సంబంధించిన జన్యుమార్పులు విరివిగా ఉన్నాయి. నాచ్1 అనే జన్యువులో మార్పు క్యాన్సర్ గడ్డలలో కంటే మామూలు పొరలోనే ఎక్కువ! కనుక ఒక గుర్తు కనబడినంత మాత్రాన క్యాన్సర్ అనలేము. ఆ అమ్మాయి అడిగినటువంటి టెస్టుతో, అంటే రక్తం తీసి మూలకణాల గుర్తులు చూసి, ఈ జబ్బును తేల్చడం వీలు కాదు. ఎండోస్కోపీతో చూడాలి, ముక్క తీయాలి. అప్పు చేయవలసి వస్తే దానికి చేయండి. అదీ గాంధీ ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో అవసరం రాదు.

"స్టెమ్ సెల్ చికిత్స" ప్రకటనలు వేరే సంగతి. ఎముక మజ్జ మార్పిడిని కొన్ని రక్త వ్యాధులు మొదలైనవాటికి వాడతారు. అది తప్ప మిగిలినవి పరిశోధనలో భాగంగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆలస్యానికి ఇంకొక కారణం అన్నవాహికే. అది సాగే గొట్టం కనుక దారి చాలావరకు మూసుకుపోయిన తర్వాతే ముద్ద ఆగుతుంది. రెండు వారాలు గట్టి ఆహారం అడ్డుపడితే మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. ఇరానీ చాయ్ విషయం కూడా తరచు అడుగుతారు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో పేర్కొన్నది. తప్పు చాయ్‌ది కాదు, వేడిది. సాసర్‌లో పోసుకొని తాగే పాత అలవాటు మంచిదే.

పెద్దాయన బయాప్సీలో స్క్వామస్ అని తేలింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్, కీమో జరిగాయి. మొదట్లో ముక్కు గొట్టం ద్వారా రాగి జావ పోశారు. గొట్టం తీసిన తర్వాత ఒకనాడు మా వార్డుకు వచ్చి పెరుగన్నం డబ్బా తెరిచి మా ఎదుటే నాలుగు ముద్దలు మెల్లగా తిన్నారు. మూడు నెలలకోసారి మళ్లీ చూపించుకుంటున్నారు. వెంట వచ్చిన తమ్ముడి జేబులో గుట్కా పొట్లం కనబడింది. కూతురే దాన్ని తీసి మా చెత్తడబ్బాలో వేసింది.